అమ్మ నోట్లో నాన్న

మాణిక్యాంబ కింది దవడ ఎడమ పక్కకి ఒరిగింది. ఒక్క క్షణం అక్కడే ఆగి, టక్కుమని మధ్యకి వచ్చింది.

తల్లి కుర్చీ పక్కనే నిలబడ్డ హైమ ముందుకి వంగింది.

ఆ టక్కు అమ్మది కాదు. అమ్మ ఎన్నడూ దవడ అలా తిప్పి ఎరగదు. తిప్పే మనిషి ఒక్కడే. ముప్పై రెండేళ్ళు సామర్లకోట స్టేషన్లో మైకు ముందు కూర్చుని రైళ్ళ రాకపోకలు చెప్పిన నాన్న, పేర్రాజు. అందరూ మాట్లాడే ముందు గొంతు సవరించుకుంటే ఆయన దవడ సవరించుకునేవాడు. ఇంట్లోనూ అంతే. "హైమా" అని కేకేసే ముందు టక్కు. కూర బాగుందని చెప్పే ముందు టక్కు.

ఆయన పోయి ఎనిమిది నెలలయింది.

"అబ్బులు గారూ, ఏ రికార్డు పెట్టారు?" అడిగింది హైమ.

కంప్యూటర్ దగ్గరున్న అబ్బులు తల తిప్పాడు. పాతికేళ్ళుగా ఆ కాకినాడ డెంటల్ కాలేజీలో కట్టుడుపళ్ళు మైనంలో పేర్చి, అరగదీసి, మెరుగుపెట్టే మనిషి. హైమ చదువుకునే రోజుల్లో ఆమె పేర్చిన పళ్ళు చూసి నవ్వినవాడు కూడా అతనే.

"పేర్రాజు గారి ఫైలేనండి. మీరే కదండీ పేర్రాజు గారి ఫైలు పెట్టమన్నారు?"

అవును, తనే అంది. ఓపీ కౌంటర్లో ఆడవాళ్ళని భర్త పేరు కిందే రాస్తారు. ఫోన్ నంబరూ భర్తదే. మాణిక్యాంబ ఆ కాలేజీ లెక్కలో "పేర్రాజు గారి భార్య". ఆ పేరు కింద రెండు రికార్డులున్నాయి. ఒకటి పోయిన వారం తీసిన అమ్మది. రెండోది నిరుడు తీసిన నాన్నది. అబ్బులు రెండిట్లో పెద్దది చూసి తెరిచాడు.

ఆ యంత్రం హైమ మూడేళ్ళ కష్టం. పళ్ళన్నీ పోయిన మనిషికి కట్టుడుపళ్ళు చెయ్యాలంటే, కింది దవడ పై దవడకి ఎక్కడ, ఎంత ఎత్తులో మూసుకోవాలో ముందు తేల్చాలి. పళ్ళుంటే అవే చెబుతాయి. లేకపోతే దవడ గుమ్మం ఊడిన తలుపు లాంటిది, ఎటైనా పోతుంది. పూర్వం మైనపు గట్లు నోట్లో పెట్టి, "గుటక వేయండి, నెమ్మదిగా కరవండి" అని చేతి అంచనాతో తేల్చేవారు. ఇప్పుడు నుదుటికో పట్టీ, కింది చిగురుకి వెలుగు చుక్కలున్న పల్చటి పలక. రెండు కెమెరాలు ఆ చుక్కల్ని వెంటాడి, దవడ తిరిగిన ప్రతి దారినీ వెంట్రుకవాసి తేడా లేకుండా గీస్తాయి.

అంతటితో ఆగి ఉంటే ఈ కథే లేదు. పళ్ళు లేనివాళ్ళకి గడ్డం ముందుకు తోసే అలవాటు పడుతుంది. అది మాన్పించడానికి హైమ ఇంకొకటి చేర్చింది. చెంపలకి నాలుగు మెత్తటి బిళ్ళలు అంటించి, సన్నటి విద్యుత్తుతో, ఆ మనిషి దవడ సరిగ్గా తిరిగిన దారినే మళ్ళీ తిప్పిస్తుంది. నాలుగుసార్లు తిప్పితే దవడకి దారి గుర్తొస్తుంది.

ఇప్పుడు అమ్మ చెంపల మీద ఆ బిళ్ళలున్నాయి. లోపల తిరుగుతున్నది నాన్న దవడ.

హైమ మీట మీదికి చెయ్యి చాచింది.

"ఆపకే!" మాణిక్యాంబ కళ్ళు మూసుకునే ఉంది. రెండు కళ్ళ నుంచీ ధారగా కారుతోంది. "ఆపావంటే ఊరుకోను. మీ నాన్నగారే. నాకు తెలీదా?"

హైమ ఆపలేదు.

* * *

నాన్న రికార్డు పదకొండు నిమిషాలు. యంత్రానికి మొదటి మనిషి ఆయనే. "పరాయివాళ్ళ మీద ఎందుకే, నా మీద చూడు. పాడైపోడానికి నా నోట్లో ఏముంది గనక?" అని నవ్వుతూ కూర్చున్నాడు. తెరవమంటే తెరిచాడు, గుటక వేయమంటే వేశాడు. ఏడో నిమిషంలో దవడని ఊరికే వదిలేసి కదలకుండా ఉండాలి. ఆ నలభై సెకన్లలో ఆయన పెదాలు మూసుకునే, లోపల ఏదో అంటూనే ఉన్నాడు. తెర మీద గీత వణుకుతుంటే హైమకి విసుగొచ్చింది. అవతల ఇంకో ముగ్గురు కాచుకుని ఉన్నారు.

"నాన్నా, కదలకు! పాడైపోతోంది మొత్తం. నోరు మూసుకుని కూర్చోలేవా కాసేపు?"

ఆయన కూర్చున్నాడు. ఆ నలభై సెకన్లకి హైమ "పనికిరాదు" అని గుర్తు పెట్టింది. రెండు వారాలకి పేపరు చదువుతూ చదువుతూ పక్కకి ఒరిగిపోయాడు. పళ్ళు ఇంకా మైనంలోనే ఉన్నాయి.

నాన్నతో తను అన్న చివరి మాటల్లో అదొకటి. దాన్ని తలుచుకోని రోజు లేదు హైమకి. అందుకే మొదటిరోజు కుర్చీలోంచి లేస్తూ తల్లి అన్నమాట ఆమెని పట్టేసింది.

"ఆ మధ్యలో ఏదో అంటున్నారే ఆయన. సగం సగం అందింది. ఇంకోసారి పెడితే తెలుస్తుంది."

ఇంకోసారి పెట్టింది. మళ్ళీ ఇంకోసారి. మధ్యాహ్నం భోజనాల వేళ, విద్యార్థులు కాంటీన్లో ఉన్నప్పుడు తలుపు వేసి పెట్టేవారు. దవడ ఆయనది, ఊపిరి ఆమెది. ఆ నలభై సెకన్లు వచ్చేసరికి మాణిక్యాంబ కదిలే నోటికి కొంచెం గొంతు అరువిచ్చేది. ఏవో ముక్కలు పడేవి. "...వలసినదిగా..." అని ఒకటి. "...ంబరు..." అని ఒకటి. హైమ చెవి దగ్గర పెట్టి, కాగితం మీద రాసుకునేది. నన్నేమైనా అన్నాడా? నొచ్చుకున్నాడా?

"ఇంకా తెలీట్లేదే," అనేది తల్లి. "రేపు చూద్దాం."

* * *

ఇంటి దగ్గర తేడాలు మూడో వారంలో మొదలయ్యాయి.

ముందు అన్నం. మాణిక్యాంబ ఆరేళ్ళుగా చిగుళ్ళతోనే చక్కగా నమిలేది. ఇప్పుడు ముద్ద నోట్లో పెట్టుకుంటే ఎడమ వైపునుంచి మెతుకులు రాలుతున్నాయి. ఆవిడ కొంగుతో తుడుచుకుని ఏమీ ఎరగనట్టు మళ్ళీ కలుపుకునేది.

తర్వాత మాట. రోజూ సాయంత్రం పిఠాపురంలో ఉన్న చెల్లెలు శేషుతో ఫోన్లో గంట మాట్లాడకపోతే ఆవిడకి పొద్దు గడవదు. ఆ బుధవారం హైమ కాలేజీ నుంచి వచ్చేసరికి తల్లి ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"పెట్టేసింది."

"ఎవరు? పిన్నా?"

"ఎవరండీ మీరు, ఎవరు కావాలండీ అంది. నేనే, అక్కనే అన్నాను. రాంగ్ నంబరండీ అని పెట్టేసింది." ఆ మాటలు ముద్దముద్దగా, ఎక్కడో ఆగి ఆగి వచ్చాయి. మాణిక్యాంబ నవ్వబోయింది. నవ్వు కూడా ఎడమ పక్కకే పోయింది. "దాని చెవులు దొబ్బాయిలే. డెబ్బై దగ్గరికి రావట్లేదూ?"

హైమ నవ్వలేదు. చిన్నప్పటి నుంచీ వీధి చివరి దాకా వినపడే గొంతది. కూరలబండివాడు ఆ గొంతుకి భయపడి ముందే తూకం సరిచేసుకునేవాడు. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న తనకే సగం మాటలు అందడం లేదు.

మర్నాడు అబ్బులు కాగితం ఒకటి తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. మనిషి కూర్చోలేదు.

"ఇది మొదటి వారం అమ్మగారి దవడండి, ఈ ఎర్రచుక్క. ఇది నాన్నగారిదండి, నీలం. ఇది నిన్న తీసిన అమ్మగారిదండి." మూడో చుక్క నీలం వైపు నడిచిపోయి ఉంది. "నాలుగు పాయింటు మూడు మిల్లీమీటర్లు జరిగిందండి. ఐదు దాటితే కండరం ఆ చోటునే సొంత ఇల్లనుకుంటుందని తమరే కదండీ పిల్లలకి పాఠం చెప్తారు?"

హైమ ఆ చుక్కల వంకే చూస్తోంది. పళ్ళున్న మనిషి అయితే ఇలా జరగదు. ఎన్నిసార్లు తిప్పినా, మూసేసరికి పళ్ళు దవడని తమ చోటుకి లాక్కొచ్చేస్తాయి. అమ్మకి ఆ అడ్డు లేదు. అడ్డు లేని చోట నాన్న వచ్చి కూర్చుంటున్నాడు.

"ఇంకో నాలుగుసార్లు పెడితే అయిపోద్దండి," అన్నాడు అబ్బులు. "నేను చిన్నోణ్ణి. కానీ ఒకటి అడుగుతానండి. అమ్మగారి పళ్ళు కట్టమని మైనం నా టేబులు మీద పెట్టి నెల్లాళ్ళయింది. ఎవరి దవడకి కట్టమంటారండి?"

* * *

ఆదివారం ల్యాబ్‌లో వాళ్ళిద్దరే. హైమ ఈసారి తల్లి సొంత రికార్డు పెట్టింది, చెప్పకుండా. ఆవిడ దారిలోనే ఆవిడ దవడని నాలుగుసార్లు తిప్పితే వెనక్కి వస్తుందని ఆశ.

రెండు సెకన్లలోనే మాణిక్యాంబ కళ్ళు తెరిచింది. చెంపలు రాయిలా బిగిశాయి.

"ఇది ఆయన కాదు."

"నువ్వేనమ్మా. నీదే. కాస్త వదులుగా ఉండు."

"నేనెందుకే నాకు?"

మనిషి వదలనిదే యంత్రం ఏమీ చెయ్యలేదు. తెర మీద గీత చిందరవందర అయింది. హైమ ఆపేసి, బిళ్ళలు పీకేసి, స్టూలు మీద కూలబడింది.

"అమ్మా, ఇంక చాలు. నువ్వు మాట్లాడుతుంటే నాకే తెలీట్లేదు. నాన్న ఏమన్నాడో మనకి ఎప్పటికీ తెలీకపోయినా ఫర్వాలేదు. అదేమిటో వినాలని ఉన్నది నాకే. నోరు మూసుకోమన్నాను ఆయన్ని. ఆ పాపం నాది. దానికి నీ నోరు పోనివ్వను."

మాణిక్యాంబ కూతురి మొహంలోకి చూసింది. యంత్రం ఆగిపోయి ఉంది. చెంపల మీద బిళ్ళలు లేవు. అయినా దవడ ఎడమకి ఒరిగి, టక్కుమని తిరిగొచ్చింది. మాటలు స్పష్టంగా, ఒక్క ముక్క పోకుండా, గంభీరంగా వచ్చాయి.

"ప్రయాణికులకు గమనిక. కాకినాడ వైపు వెళ్ళవలసిన ప్యాసింజరు మరికొద్ది సేపట్లో మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చును. ప్రయాణికులు పట్టాలు దాటక, వంతెన మీదుగా రావలసినదిగా కోరుతున్నాము."



"అదేనే ఆ నలభై సెకన్లు. ఇంజెక్షన్ చేయించుకునేప్పుడు అదే, కరెంటు పోతే అదే. భయమేసినప్పుడల్లా ప్యాసింజరు రప్పించుకునేవారు లోపల్లోపల. నీ యంత్రం చూసి జడిశారు, అంతే. నిన్నేమీ అనలేదు. నువ్వు కసిరినట్టు కూడా తెలిసుండదు ఆయనకి, రైలు చప్పుడులో ఉండుంటారు."

"నీకు... ఎప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే."

"మరి రోజూ తెలీట్లేదు, తెలీట్లేదు అన్నావు!"

"తెలిసిందంటే ఆపేస్తావుగా." ఆవిడ చూపు దించుకుంది. ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "మాట కోసం కాదే. నలభై ఏడేళ్ళు ఆ టక్కు విన్నాను. మంచం మీద పక్కనుంచి విన్నాను, వంటింట్లోంచి విన్నాను. ఎప్పుడూ బయటినుంచే. ఇప్పుడు నా ఎముకలో వినపడుతోంది. ఆయన నా నోట్లో ఉన్నంతసేపు నేను ఒక్కదాన్ని కాదు. అర్థమవుతోందా నీకు?"

హైమకి అర్థమైంది. అర్థమైనందుకే భయమేసింది.

"పళ్ళు కడతావుగా నాకు? ఆయన చోటులో కట్టు," అంది మాణిక్యాంబ, కూరలు తెమ్మన్నంత మామూలుగా. "అప్పుడిక యంత్రంతో పనుండదు. నోరు మూసుకున్నప్పుడల్లా ఆయనే."

"నీ దవడ కీలు తట్టుకోదమ్మా. నొప్పులొస్తాయి. నమలలేవు. ఏడాది తిరక్కుండా నోరు తెరవడమే కష్టమవుతుంది."

"ఏడాది చాలదా?"

* * *

కొలత తీసే రోజు శుక్రవారం అని ఖాయం చేశారు. "నీ ఇష్టప్రకారమే కడతానమ్మా," అంది హైమ. అబద్ధమాడుతున్నానని ఆమెకి తెలుసు. దవడని అమ్మ చోటుకి ఎలా రప్పించాలో మాత్రం తెలీదు.

అబ్బులు తెర ముందు కూర్చున్నాడు. మాణిక్యాంబ నుదుట పట్టీ, చిగురుకి పలక. తెర మీద ఎర్రచుక్క అమ్మది, నీలం నాన్నది. మధ్యలో ఇప్పటి తెల్లచుక్క.

"గుటక వెయ్యమ్మా."

తెల్లచుక్క వెళ్ళి నీలం మీద కూర్చుంది. బుద్ధిగా, సొంత ఇంటికి వెళ్ళినట్టు.

"నాలిక వెనక్కి మడిచి గుటక వెయ్యి."

మళ్ళీ నీలమే. అబ్బులు తల అడ్డంగా ఊపాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. హైమకి తెలిసిన ఉపాయాలన్నీ అయిపోయాయి. తల వెనక్కి వాల్చింది, చెంపలు నిమిరింది, గోరువెచ్చని నీళ్ళు పట్టించింది. నీలం. నీలం. నీలం.

"అయిందా? అదే రాసుకో," అంది మాణిక్యాంబ. దవడ పక్కగానే కదిలింది, మాట నీళ్ళలో తడిసినట్టుంది.

హైమ స్టూలు దగ్గరికి లాక్కుంది. ఏం చేయబోతోందో తనకే తెలీకుండా అడిగింది. "అమ్మా, ఒకటి చెప్పనా? నిన్న స్టేషన్ నుంచి పాత పోర్టరు ఒకాయన వచ్చాడు. నువ్వు రోజూ కట్టి పంపే క్యారేజీ ఉండేదే, నాన్న అది తినేవాడే కాదట. పోర్టర్లకి పంచేసి, తను వెళ్ళి హోటల్లో పూరీ తినేవాడట."



"ఏమన్నావ్?"

"రోజూనట. నీ కందాబచ్చలి అంటే పడేది కాదట."

"ఎవడే ఆ సచ్చినోడు?" మాణిక్యాంబ కుర్చీలో నిటారుగా లేచి కూర్చుంది. పట్టీ ఊగింది. "ఎవడో వాగితే నోరెళ్ళబెట్టుకుని విని వచ్చి నాకు చెప్తావా? సిగ్గులేదటే నీకు? ముప్పై రెండేళ్ళు తెల్లారి లేచి కట్టానే ఆ క్యారేజీ! సామాను మోసుకునేవాడికేం తెలుసు? స్టేషన్ కుళాయి కింద నాలుగు గిన్నెలూ ఆయనే స్వయంగా కడిగి తెచ్చేవారు! కందాబచ్చలి పడదా? సోమవారం సోమవారం అదే కావాలని సంచీ భుజాన వేసుకుని సంతకెళ్ళి తెచ్చింది ఎవరే? హోటలు పూరీ తింటే కడుపులో మంట ఆయనకి, మజ్జిగ తాగించి చచ్చేదాన్ని! ఎంత చదివితే ఏం లాభమే, నాన్నెవరో తెలీనిదానివి!"

అది వీధి చివరి దాకా వినపడే గొంతు. ఇన్ని వారాల తర్వాత మొదటిసారి.

అబ్బులు నోరు తెరుచుకుని తెర వంక చూస్తున్నాడు. తెల్లచుక్క ఎగిరెగిరి పడుతోంది. నీలం దరిదాపుల్లో కూడా లేదు.

మాణిక్యాంబకి ఊపిరి అందలేదు. ఆగింది. పెదాలు మూసుకుంది. గుటక వేసింది.

చుక్క ఎర్రమీద కూర్చుంది.

"తీసుకోండి!" అంది హైమ. యంత్రం సన్నగా కూసింది. అయిపోయింది.

ఆ కూత విని మాణిక్యాంబ తెర వైపు తిరిగింది. ఎర్రచుక్కని చూసింది. కూతురిని చూసింది. వచ్చిన కోపం వచ్చినంత వేగంగా మొహంలోంచి దిగిపోయింది.

"పోర్టరెవరూ రాలేదు. అవునా?"

"రాలేదు."

"నాన్న తినేవారు కదే?"

"ఒక్క మెతుకు వదిలేవాడు కాదమ్మా."

ఆవిడ పట్టీ తనే విప్పుకుని ఒళ్ళో పెట్టుకుంది.  ఆ సాయంత్రమే హైమ యంత్రం మార్చేసింది. ముందు కూర్చున్న ముఖాన్ని గుర్తుపట్టి, ఆ ముఖానిదైన రికార్డునే అది తిప్పుతుంది. ఇంకొకరిది అడిగితే కదలదు. ఆ మార్పు మళ్ళీ తనే విప్పుకోకుండా తాళం కోడ్ అబ్బులు చేతికిచ్చింది. ఇచ్చేటప్పుడు చెయ్యి వెంటనే వదల్లేదు. అబ్బులు మెల్లగా లాక్కోవలసి వచ్చింది.

* * *

పళ్ళు పది రోజులకి వచ్చాయి. అబ్బులు ప్రాణం పెట్టి చేశాడు. ముందు పళ్ళలో ఒకదాన్ని, పాత పెళ్ళి ఫోటో చూసి, కాస్త పక్కకి తిప్పి మరీ పేర్చాడు.

హైమ వాటిని ఇంటికే తీసుకెళ్ళింది. మాణిక్యాంబ వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుని ఉంది. పెట్టుకోదేమో, విసిరికొడుతుందేమో అనుకుంది హైమ. విసిరికొట్టినా తప్పనడానికి లేదు.

ఆవిడ చెయ్యి చాచింది. పైది పెట్టుకుంది. కిందిది పెట్టుకుంది. నోరు మూసింది. పళ్ళూ పళ్ళూ తాకాయి, నిలిచాయి. దవడ ఇంకెటూ పోవడానికి లేదు.

ఆవిడ కళ్ళు ఏదో వెతికినట్టు అటూ ఇటూ తిరిగాయి. మరోసారి తెరిచి మూసింది. మరోసారి. ప్రతిసారీ అదే చోటు, తన చోటు.

డబ్బాలోంచి జంతిక ఒకటి తీసి కొరికింది. కరకరమంది. మెతుకంత పొడి కూడా కింద పడలేదు. నెమ్మదిగా, చివరిదాకా నమిలి, మింగింది. బయట కూరలబండివాడు అరుచుకుంటూ పోతున్నాడు.

"ఇప్పుడు పోయారే మీ నాన్న," అంది మాణిక్యాంబ. ప్రతి అక్షరం స్పష్టంగా వినపడింది.

హైమ నేల మీదే కూర్చుండిపోయింది. తీసెయ్యమ్మా, తీసి పక్కన పెట్టెయ్యి అనే మాట గొంతుదాకా వచ్చింది. ఆమెకీ వినాలని ఉంది, ఒక్కసారి, ఇంకొక్కసారి. పళ్ళు బిగించి ఆ మాట మింగేసింది.

మాణిక్యాంబ పళ్ళు తియ్యలేదు. మిగిలిన జంతిక ముక్క కూతురి చేతిలో పెట్టి, కొంగు అడ్డం పెట్టుకుని, ఆయన పోయిననాడు ఏడవాల్సిన ఏడుపు అప్పుడు ఏడ్చింది. పెద్దగా, వీధి చివరి దాకా వినపడేటట్టు, తన గొంతుతోనే.